ఆకు బతుకమ్మ

ఆ మొక్కకు పువ్వు లేదు, కాయ లేదు, గింజ లేదు. పండగకు పనికొచ్చే మొక్క కాదని ఎవరైనా అనుకుంటారు. చంద్రకళ కూడా అలాగే అనుకుంది. తప్పింది అక్కడే.

అది ఫెర్న్ జాతి మొక్క. పాత బావుల గోడల్లో, సున్నం రాలిన నెర్రెల్లో ఎవరూ నాటకుండానే మొలుస్తుంది. మూరెడు ఆకు, ఈనెకు రెండు వైపులా దువ్వెన పళ్లలాంటి రెబ్బలు. ఆకు తిరగేస్తే అంచు పొడుగునా గోధుమ రంగు గీత ఉంటుంది. ఆ గీతలోని పొడే దాని విత్తనం, వంశం, సర్వస్వం. హైదరాబాద్‌లోని ఒక ల్యాబ్‌లో చంద్రకళ ఆ జాతిని ఏళ్ల తరబడి మార్చి మార్చి పెంచి, చివరికి ఒక కొత్త రకం తీసింది. దాని వేళ్లను నీళ్లలో ఉంచితే అది ఆ నీళ్లలోని ఫ్లోరైడ్‌ను గుంజి ఆకు అంచుల్లో దాచుకుంటుంది. రాత్రి తొట్టిలో పోసిన బోరు నీళ్లు తెల్లారేసరికి పసిబిడ్డకు తాగించే నీళ్లవుతాయి. ల్యాబ్‌లో దానికి అక్షరాలూ అంకెలూ కలిపిన పేరొకటి ఉంది. ఆమె పుట్టిన ఊరు ఇప్పలకుంట ఆడవాళ్లు మాత్రం దాన్ని గుంజుడాకు అన్నారు. ఆ పేరే నిలిచింది.

ఇప్పలకుంట నల్గొండ జిల్లాలో రాళ్ల మధ్య ఉన్న చిన్న ఊరు. అక్కడి బోరు నీళ్లు చూడ్డానికి తేటగానే ఉంటాయి, రుచికీ తేడా తెలియదు. బడికి పోయే వయసులో పళ్ల మీద గోధుమ చారలు పడతాయి. పెళ్లీడుకు మోకాళ్లు పట్టేస్తాయి. పిల్లల పెళ్లి చేసే నాటికి నడుము వంగిపోయి, మనిషి ఎదుటివాళ్ల ముఖం చూడాలంటే మెడ పక్కకు తిప్పి చూడాల్సి వస్తుంది. చంద్రకళ తండ్రి యాదగిరి చేనేత కార్మికుడు. మగ్గం గుంటలోకి కాళ్లు దించలేక, తన మగ్గం ఇంకొకడు నేస్తుంటే అరుగు మీద కూర్చుని చూసిన మనిషి. ఆయన పోయినప్పుడు ఒంటిని తిన్నగా చాపడం ఎవరి వల్లా కాలేదు.

ఆ ఊళ్లో గుంతలు తవ్వే మల్లయ్యకు ఇది కొత్త కాదు. ఎవరు పోయినా అతను గుంతను పొడుగు తక్కువ, వెడల్పు ఎక్కువ పెట్టి తవ్వుతాడు. కొలతలు అడగడు. మోకాళ్లు ముడుచుకుని పక్కకు తిరిగి పడుకునే మనిషికి ఎంత జాగా కావాలో అతని పారకు తెలుసు. తండ్రిని ఆ వెడల్పాటి గుంతలో పక్కకు తిప్పి దించుతుంటే చంద్రకళ చూసింది. అప్పుడామె డిగ్రీ చదువుతోంది. ఏడవలేదు, కోపం వచ్చింది. ఆ కోపమే తర్వాత ఆమె చేత మొక్కను పెంచించింది.

మొక్కను ఊరికి తెచ్చినప్పుడు ఆమె తల్లి మణెమ్మ వాకిలే మొదటి పాఠశాల అయింది. ఊళ్లో ఆడవాళ్లంతా వచ్చి కూర్చున్నారు. చంద్రకళ ఎర్ర ఇటుకలు దంచి జల్లించి, ఆ పొడిని నీళ్లలో బాగా ఉడకబెట్టి, గాజు సీసాల్లో పరిచింది. ఆకును కాగితం మీద తట్టి, రాలిన పొడిని చిటికెడు తీసి ఇటుక పొడి మీద చల్లింది. మూత బిగించి నీడన పెట్టమంది.

"ఎరువెయ్యద్దా?" అని పక్కింటి అండాలు అడిగింది.

"వద్దక్కా. ఎరువేస్తే బూజు తప్ప ఏం మొలవదు."

కొన్ని వారాలకు ఇటుక పొడి మీద పచ్చటి పాచిలాంటిది పట్టింది. దగ్గరగా చూస్తే అది పాచి కాదు, పెసరబద్దంత పలచటి బిళ్లలు, ఒక్కొక్కటీ తమలపాకు ఆకారంలో ఉన్నాయి. వాటి మీద సన్నగా నీళ్లు చిలకరించాలని చంద్రకళ చెప్పింది. ఆ బిళ్లలోనే ఆడా మగా రెండూ ఉంటాయనీ, మీద నీటి పొర ఉంటేనే మగకణం ఈదుకుంటూ ఆడకణాన్ని చేరుతుందనీ, అప్పుడే అసలు మొక్క పుడుతుందనీ వివరించింది.

"అంటే నీళ్లు లేకుంటే పెండ్లి గాదన్నట్టు," అంది అండాలు. "గీ ఊరి పోరగాండ్ల లెక్కనే. బోరు ల్యాకుంటే పిల్లనెవ్వరిస్తున్నరు?"

వాకిలంతా నవ్వింది. ఆ నవ్వుల్లో అందరి పళ్లూ గోధుమ చారలవే.

మొలకలు తొట్లకెక్కాయి. మొదటి ఆకు బయటికొచ్చేటప్పుడు పసిపిల్ల పిడికిలిలా లోపలికి చుట్టుకుని వస్తుంది, తర్వాత కొద్దికొద్దిగా విచ్చుకుంటుంది. ఆ సంవత్సరమే చంద్రకళ తమ్ముడు నర్సింహకు కూతురు పుట్టింది. పేరు లాస్య. పుట్టినప్పటి నుంచీ తొట్టి నీళ్లు తప్ప వేరే నీళ్లు ఎరగదు. పాలపళ్లు ఊడి అసలు పళ్లు వచ్చే వేళకు మణెమ్మ రోజూ పిల్లను వెలుతురులోకి తీసుకుపోయి నోరు తెరిపించి చూసేది. పళ్లు తెల్లగా వచ్చాయి. మల్లెమొగ్గలంత తెల్లగా. ఇంటికి ఎవరొచ్చినా, ఆఖరికి కరెంటు బిల్లు ఇవ్వడానికి వచ్చినవాణ్ని కూడా కూర్చోబెట్టి, "ఏదీ బిడ్డా, ఒక్కపారి ఇగిలించు," అనేది. లాస్య విసుక్కుంటూనే ఇగిలించేది. ముప్పై దాటకముందే నడుము వంగిన నర్సింహ మూలన నిలబడి, మెడ పక్కకు తిప్పి, కూతురు పరుగెత్తడం చూసేవాడు. ఎంతసేపైనా చూసేవాడు.

మొక్కకు నియమాలు కొన్నే. ఆకు అంచు వెండిరంగుకు తిరిగితే అది నిండిందని అర్థం. దాన్ని కోసేయాలి, చుట్టుకుని ఉన్న లేత ఆకును మాత్రం ముట్టుకోకూడదు. కోసిన ఆకును పశువులకు వేయకూడదు, పొయ్యిలో పెట్టకూడదు, పెంటకుప్పలో పారేయకూడదు. పంచాయతీ ఆఫీసు పక్కనున్న నీలం డ్రమ్ములో వేసి మూత బిగించాలి. వ్యాను వచ్చి తీసుకుపోతుంది. ఊరు ఈ నియమాలను అక్షరాలా పాటించింది. ఒకసారి మేక ఒకటి రెండు ఆకులు మేసిందని దాన్ని అమ్మకుండా, కోసుకుని తినకుండా, చచ్చేదాకా ఉంచి పాతిపెట్టారు. చదువుకున్న బస్తీల్లో కూడా అంత క్రమశిక్షణ ఉండదని చంద్రకళ ల్యాబ్‌లో గొప్పగా చెప్పుకునేది.

డ్రమ్ముకు మూత ఎందుకో మాత్రం ఆమె ఊరికి చెప్పలేదు.

సంగతి కనిపెట్టింది ల్యాబ్‌లో ఆమెతో పనిచేసే సలీం. కోసిన ఆకులు నాలుగు బీకరులో నానబెట్టి మర్నాడు చూశాడు. ఆకులో ఒక్క చుక్క ఫ్లోరైడ్ మిగల్లేదు. అంతా నీళ్లలో ఉంది.

"మేడమ్, గుంజేటప్పుడు కొంచెం కొంచెం గుంజుతుంది. ఇచ్చేటప్పుడు మాత్రం మొత్తం ఒక్కసారే ఇచ్చేస్తుంది. మొక్కకున్నంత కాలం పట్టి ఉంచుతుంది, తెగిపోయాక ఇంక దానికేం పట్టింపు?" అన్నాడు. "ఊళ్లో వాళ్లకు చెబుదామా?"

చంద్రకళ ఆలోచించింది. ఇంటింటా వాకిట్లో విషం మూటలున్నాయని చెబితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. తెల్లారేసరికి ఒక్క తొట్టిలోనూ మొక్క ఉండదు. మళ్లీ బోరు నీళ్లు, మళ్లీ చారల పళ్లు, మళ్లీ మల్లయ్య వెడల్పాటి గుంతలు.

"భయపడి పీకేస్తరు సలీం. మూత బిగించమంటే చాలు, బిగిస్తరు," అంది.

ఆమె అన్నట్టే బిగించారు. ఏళ్లు గడిచాయి. ఏ ప్రమాదమూ జరగలేదు కాబట్టి ఆ మాట సరైనదే అనిపించింది.

లాస్యకు తొమ్మిదేళ్లు నిండిన ఏడు వానలు మొహం చాటేశాయి. శ్రావణం ఎండల్లోనే పోయింది. బోర్లు ఒకటొకటే గాలి ఊది ఆగిపోయాయి. చెరువు ఎండి, నడిమధ్య నాలుగు ఎకరాల బురదలో ఒక మడుగు మాత్రం మిగిలింది. అది పైనుంచి పడ్డ నీళ్లు గనుక దానిలో ఫ్లోరైడ్ ఉండదు. ఊరంతా ఆ మడుగు నీళ్లే కాచి చల్లార్చి తాగసాగింది. తొట్లలో పోయడానికి బోరు నీళ్లు లేవు కాబట్టి ఆకు కోయాల్సిన పని లేదని వ్యాను ఉన్న డ్రమ్మును ఎత్తుకుపోయి, రావడం మానేసింది. గిన్నెలు కడిగిన నీళ్లు పోసి మొక్కలను మాత్రం చావనివ్వలేదు. చేలూ చెట్లూ కమిలిపోయిన ఆ ఊళ్లో పచ్చగా ఉన్నవి గుంజుడాకు తొట్లే. ఎండాకాలమంతా లోతు బోర్ల నీళ్లు తాగిన ఆకులవి. ఒక్కొక్కటీ అంచు పొడుగునా వెండిలా మెరుస్తోంది.

ల్యాబ్‌లో ఆ వారం ఊపిరి సలపని పని. వంద ఊళ్లకు మొక్కను ఇస్తామని పైనుంచి కబురొచ్చింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు ఇన్నాళ్లూ ఫైలును తొక్కిపట్టిన వాళ్లే ఇప్పుడు రోజుకోసారి ఫోన్ చేస్తున్నారు. చంద్రకళ మొలకల ట్రేల మధ్య నిలబడి నీళ్లు చిలకరిస్తుండగా తల్లి ఫోన్ చేసింది.

"బిడ్డా, ఒక మాట అడుగుదామని. ఆకు తెల్లబడ్డది. గీసారి కోసుకోవచ్చునా?"

"కొయ్యండమ్మా. ముదిరింది కొయ్యాల్సిందే, మొక్కకు మంచిదే. చుట్టుకున్న లేతదుంటది సూడు, దాన్ని ముట్టకుండ్రి."

"అన్నీ కొయ్యొచ్చా? ఊరోళ్లంత అడుగుతున్నరు."

"కొయ్యండి. బర్రెలకెయ్యకుండ్రి, పొయ్యిల పెట్టకుండ్రి. మీకు తెలిసిందే గద."

"గది మాకెరుకే. ఎల్లుండి నువ్వు మాత్రం రావాలె. ఎన్నేండ్లాయె నువ్వొచ్చి. గీసారి నువ్వు సూసేదొకటున్నది."

ఎల్లుండి ఏమిటో చంద్రకళ అడగలేదు. సరేనంది. ఫోన్ పెట్టి మళ్లీ ట్రేల మీదకు వంగింది. ఆశ్వయుజ మాసంలో, నల్గొండ జిల్లాలో పుట్టిన ఆడది, ఎల్లుండి ఏమిటో అడగాల్సిన పని లేదు. సద్దుల బతుకమ్మ. అయినా ఆమెకు ఆ మాట గుర్తు రాలేదు. చిన్నప్పుడు తంగేడు కొమ్మల కోసం గుట్టలెక్కి మోకాళ్లు చీరుకుపోయిన పిల్లే ఆమె. ఆ పిల్లను ఎక్కడ పోగొట్టుకుందో ఆమెకే తెలియదు.

ఆ రోజు ఇప్పలకుంటకు చేరేసరికి పొద్దు వాలుతోంది. వీధిలో మనిషి లేడు. ఇంటి తలుపు బార్లా తీసి ఉంది. వాకిట్లోని తొట్టి చూసి ఆమె ఆగిపోయింది. మొక్కకు ఒక్క పెద్దాకు లేదు. మొదలు దాకా శుభ్రంగా కోసి, నడుమ చుట్టుకుని ఉన్న రెండు లేతాకులను మాత్రం ఆమె చెప్పినట్టే వదిలారు. పక్కింటి తొట్టీ అంతే. ఎదురింటి తొట్టీ అంతే. ముందు పశువులు మేశాయేమో అనుకుంది. తర్వాత గడప దగ్గర నేల మీద చూసింది. అక్కడ తెగిన దారం ముక్కలు, వెండి అంచు రెబ్బలు, పసుపు ముద్ద చేసిన గిన్నె ఉన్నాయి. కొద్దిగా బంతి రేకులు రాలి ఉన్నాయి.

ఆ ఏడు గుట్ట మీద తంగేడు పూయలేదు. చేలలో గునుగు లేదు. గునుగు పువ్వు ఎలా ఉంటుంది? వెండి అంచుతో, తెల్లగా, పొడుగ్గా ఉంటుంది.

చెరువు కట్ట ఎక్కేసరికి పాట వినిపించింది. కట్ట కింద ఎండిన నేల మీద ఊరి ఆడవాళ్లంతా వలయంగా తిరుగుతూ చప్పట్లు కొడుతున్నారు. నడుమ బతుకమ్మలు వరసగా ఉన్నాయి. తాంబాళాల్లో నిలువెత్తున పేర్చిన పచ్చటి గోపురాలు, వరసకో వెండి అంచు, కొన్న బంతిపూలు ఒక్కో చుట్టు, శిఖరాన పసుపు గౌరమ్మ. పువ్వే పూయని మొక్కతో అంత అందమైన బతుకమ్మను ఆమె ఎన్నడూ చూడలేదు. ఆ సంగతి ఆ క్షణంలో కూడా ఆమెకు తోచింది. పాట కూడా వాళ్లే కట్టుకున్నారు.

"బొక్కలొంచే ఇసము ఉయ్యాలో, ఆకులో దాగింది ఉయ్యాలో. సల్లంగ ఏలమ్మ ఉయ్యాలో, మా పిల్లల పండ్లు ఉయ్యాలో."

లాస్య పరుగెత్తుకుంటూ వచ్చి చేయి పట్టుకుంది. పట్టు లంగా వేసుకుని ఉంది, తెల్లటి పళ్లన్నీ కనిపించేలా నవ్వుతోంది.

"అత్తా, నీ ఆకు సూసినవా? మనదే అన్నిట్ల పెద్దది. ముందుగాల మనదే సాగనంపిన్రు."

చంద్రకళ మడుగు వైపు చూసింది. చిన్నప్పటి చెరువు ఆమె మనసులో కట్ట అంచుదాకా నిండి ఉంది. ఇక్కడున్నది ఒక పెద్దింటి పెరడంత మడుగు. అందులో అప్పటికే సగం బతుకమ్మలు తేలుతున్నాయి. మిగతావాటిని ఒక్కొక్కరే ఎత్తుకుని నీళ్లలోకి దిగుతున్నారు.

ఆమె చెప్పులతోనే నీళ్లలోకి దూకింది. తేలుతున్న బతుకమ్మను రెండు చేతులా ఎత్తి ఒడ్డుకు విసిరింది. ఇంకొకటి విసిరింది. పాట ఆగిపోయింది. సాగనంపిన గౌరమ్మను వెనక్కు గుంజడం ఆ ఊరు కనీ వినీ ఎరగదు.

"పిచ్చి లేసిందా నీకు," అంటూ మణెమ్మ నీళ్లలోకి వచ్చి ఆమె భుజం పట్టుకుంది. "తల్లిని ఎనుకకు గుంజుతవా?"

"అమ్మా, ఆ ఆకుల విషమున్నది. కోసిన ఆకు నీళ్లల్ల నానితే లోపలున్నదంత బయటికొస్తది."

మొదట కదిలింది నర్సింహ. వంగిన నడుముతో నీళ్లలోకి దిగి, ముఖం నీటికి తగిలేంత దగ్గరగా నడుస్తూ ఆకులు ఏరడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత అందరూ దిగారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. నానిన దారాలు ఊడి గోపురాలు విడిపోయాయి. దొరికినన్ని తీశారు. దొరకనివి బురదలోకి దిగిపోయాయి.

ఒడ్డున తడి చీరతో నిలబడి అండాలు అడిగింది. "గీ ముచ్చట ముందుగాల్నే ఎందుకు చెప్పకపోతివే చంద్రా? చెప్తే మేమినకపోతుమా?"

ఈ నీళ్లు ఇక తాగొద్దని, ఎవరూ ముట్టుకోవద్దని మాత్రం చంద్రకళ చెప్పింది. ఊరు వెంటనే ఒప్పుకుంది. ఎవరూ ఎదురు చెప్పలేదు. కడవల్లో ఉన్న నీళ్లు మర్నాటికి సరిపోతాయన్నారు. ఆమె ఒక సీసాలో మడుగు నీళ్లు పట్టుకుని వచ్చిన ఆటోలోనే తిరిగి బయల్దేరింది.

ఆ ఏడు తిథులు కలిసి రావడంతో మర్నాడే దసరా. ల్యాబ్‌కు తాళం. సలీం ఇంటి నుంచి తాళంచెవి తెచ్చి తలుపు తీశాడు. ఇప్పలకుంటకు నీళ్ల ట్యాంకర్ పంపించమని చంద్రకళ ఎన్ని ఆఫీసులకు ఫోన్ చేసినా దాదాపు ఎవరూ ఎత్తలేదు. ఎత్తిన ఒకాయన, జమ్మిచెట్టు దగ్గరున్నాననీ, ఎల్లుండి చూద్దామనీ పెట్టేశాడు. ఇంకొకాయన పండగ శుభాకాంక్షలు చెప్పాడు.

సలీం మొదటిసారి కొలిచినప్పుడు యంత్రం అంకె చూపించలేదు. నీళ్లను పలచన చేసి మళ్లీ కొలిచాడు. వచ్చిన అంకెను చంద్రకళ వైపు తిప్పి చూపించాడు.

"ఇవి నీళ్లు కావు మేడమ్," అన్నాడు. "ఇన్నేళ్లు ఎముకలను మెల్లగా వంచిన విషం ఇది. ఇంత ఒక్కసారే పోతే ఎముక దాకా పోదు. రక్తంలో ఉన్న కాల్షియాన్ని పట్టేసుకుంటుంది, గుండె ఆగిపోతుంది. పిల్లలకైతే గ్లాసు చాలు."

సలీం మేనమామకు ఒక ట్యాంకర్ ఉంది. డ్రైవరు పండగకు ఊరెళ్లాడు, తెల్లవారుజామున వస్తాడు, రాగానే బయల్దేరదామన్నాడు. ఆ మాట ఖాయం చేసుకుని చంద్రకళ తమ్ముడికి ఫోన్ చేసింది. తల్లి ఎత్తింది.

"కడవలల్ల నీళ్లు అడుగంటినయి బిడ్డా. లాస్య నీళ్లు నీళ్లంటున్నది."

"ఇయ్యాల ఒక్కరోజు ఓర్సుకోండి. రేపు పొద్దుగాల ట్యాంకర్ తోని నేనే వస్తున్న. మడుగు నీళ్లు తాగకుండ్రి."

"వట్టియి అట్లనే ఎవరు తాగుతరు," అంది మణెమ్మ. ఆమే మళ్లీ అడిగింది. "ఒక ముచ్చట చెప్పు. గా నీళ్లల్ల కలిసింది ఏం విషం? కొత్తదా, మన బోర్ల ఉండేదేనా?"

తల్లి గొంతులో భయం ఉంది. నిన్నటి నుంచీ ఆ ఊరికి తన వల్ల భయం తప్ప ఏమీ దక్కలేదని చంద్రకళకు బాధగా ఉంది. ఊరటనిచ్చే మాట ఒక్కటి చెప్పగలిగినందుకు ఆమె ఆత్రపడింది.

"అదేనమ్మా. మన బోర్ల ఉండేదే. ఆకు గుంజుకున్నదే మళ్ల బయటికొచ్చింది. వేరేదేం గాదు."

"గంతేనా. నేనింకేందో అనుకున్న," అంది మణెమ్మ. ఆమె గొంతు తేలికపడింది. ఫోన్ పెట్టాక చంద్రకళకు కూడా మనసు కుదుటపడింది. తల్లి ఏదైనా అడిగే చేస్తుంది, అది ఆమెలో మంచి గుణం.

ట్యాంకర్ ఊరి పొలిమేర దాటేసరికి ఎండ ఇంకా వేడెక్కలేదు. ఎదురుగా దారి మీద నర్సింహ భార్య సరోజ పరుగెత్తుకుంటూ వస్తోంది. చేతుల్లో లాస్య ఉంది. వెనక నర్సింహ వంగిన నడుముతో, ఒక్కో అడుగు వేసుకుంటూ వస్తున్నాడు. చంద్రకళ లారీ ఆగకముందే దిగింది.

పిల్ల ఒళ్లు బిగుసుకుని ఉంది. వాంతి చేసుకున్న నోటి చుట్టూ తడి. వేళ్లు లోపలికి ముడుచుకుని ఉన్నాయి, తొట్టిలో విచ్చుకోని లేతాకులా. చంద్రకళ వాటిని విప్పబోయింది. విడలేదు.

"ఏం తాగింది? సరోజా, ఏం తాగింది?"

"తొట్టి నీళ్లే," అంది సరోజ. "తొట్టి నీళ్లే తాగింది."

చంద్రకళకు అంతా ఒక్కసారే అర్థమైంది. నిన్న సాయంత్రం మడుగు నీళ్లు కడవతో తెచ్చి తొట్టిలో పోశారు. పదేళ్లుగా ఎలా చేస్తున్నారో అలాగే. రాత్రంతా ఉంచి, తెల్లారాక గుడ్డతో వడకట్టి, మొదటి గ్లాసు పిల్లకిచ్చారు. ఆకు లేని మొక్క గుంజదు. కొత్త ఆకు విచ్చుకునేదాకా దాని వేళ్లు ఉన్నా లేనట్టే. పదేళ్లలో ఎన్నడూ ఆకులన్నీ ఒక్కసారే కోయలేదు కాబట్టి ఆ సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదు. తెలిసిన ఒక్క మనిషీ హైదరాబాద్‌లో కూర్చుని, అదే విషమమ్మా అని చెప్పింది.

విరుగుడుగా కాల్షియం కావాలి. ఊళ్లో ఉన్నది మణెమ్మ వక్కల సంచిలోని సున్నం ఒక్కటే. నర్సింహ వెనకాల పడుతూ లేస్తూ వచ్చిన మణెమ్మ రొండిలోంచి ఆ సంచి తీసి ఇచ్చింది. తానూ రెండు గుక్కలు తాగింది కాబట్టి ఆమె కూడా వాంతులతో కుంగిపోయి ఉంది. చంద్రకళ ట్యాంకర్ నీళ్లలో సున్నం కలిపి, తేట తీసి, చెంచాతో పిల్ల నోట్లో పోసింది. నీళ్లు పెదవుల పక్కనుంచి జారిపోయాయి. పళ్లు గట్టిగా బిగుసుకున్నాయి. చెంచా దూరలేదు. ఆ తెల్లటి, గట్టి పళ్ల మధ్య చెంచా దూరలేదు.

ట్యాంకర్ ముందు సీట్లో పిల్లను ఒళ్లో వేసుకుని ఆస్పత్రికి బయల్దేరారు. హైవే ఎక్కకముందే పిల్ల చేయి చల్లబడింది. సరోజకు తెలిసింది. చంద్రకళకూ తెలిసింది. డ్రైవరుకు చెప్పలేక ఇద్దరూ ఆస్పత్రి దాకా అలాగే కూర్చున్నారు.

మణెమ్మ ఇంట్లో చూసి మరో మూడు ఇళ్లవాళ్లు తొట్లలో నీళ్లు పోశారు. వాళ్లు పెద్దవాళ్లు, వాంతులతో పోయింది. ఆస్పత్రిలో సెలైన్లు పెట్టించుకుని రెండు రోజులకు తిరిగొచ్చారు. ఎవరూ చంద్రకళను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

అన్నది మణెమ్మ ఒక్కతే. అదీ తిట్టు కాదు. పిల్లను వాకిట్లో పడుకోబెట్టాక, తొట్టి పక్కన కూర్చుని, నిజంగా తెలుసుకుందామని అడిగింది.

"నిన్నడిగే చేసిన గద బిడ్డా. కొయ్యమంటివి, కోసిన. లేతది ఉంచుమంటివి, ఉంచిన. అదే విషమంటివి, తొట్ల పోసిన. తెల్లారేదాక ఆగిన. పిల్ల నీళ్లకు ఏడ్సినా తెల్లారేదాక ఇయ్యలే. యాడ తప్పు జేసిన, చెప్పు."

చంద్రకళ తల్లి పక్కన కూర్చుని ఆమె చేయి పట్టుకుంది. నువ్వు తప్పు చేయలేదమ్మా అనాలి. ఆ మాట అంటే మిగతాది కూడా చెప్పాలి. డ్రమ్ము మూత సంగతి, బీకరు సంగతి, భయపడి పీకేస్తరన్న మాట. ఆమె చెప్పింది. మొదటి నుంచీ అంతా చెప్పింది. మణెమ్మ విన్నది. విని, చేయి మెల్లగా వెనక్కు తీసుకుంది.

సాయంత్రం పిల్లను ఊరి బయటికి తీసుకుపోయారు. మల్లయ్య అప్పటికే గుంత తవ్వి పార పట్టుకుని నిలబడ్డాడు. ఎప్పటిలాగే ఎవరినీ కొలత అడగలేదు. చేతికి అలవాటైన కొలతే పెట్టాడు. లాస్యను లోపలికి దించారు. పట్టు లంగాలో, వెల్లకిలా, కాళ్లు చాపుకుని, వెన్ను బాణంలా తిన్నగా పెట్టుకుని పడుకుంది. ముడుచుకున్న వేళ్లను సరోజ లంగా అంచుతో కప్పింది. పిల్లకు రెండు వైపులా బోలెడంత జాగా మిగిలిపోయింది.

నర్సింహ గుంత అంచున నిలబడ్డాడు. ఎవరి ముఖమైనా మెడ తిప్పి చూడాల్సిన మనిషికి, వంగిన నడుము వల్ల గుంతలోని కూతురు ముఖం మాత్రం ఎదురుగానే కనిపించింది. చాలాసేపు చూశాడు. తర్వాత ఆ ఖాళీ జాగా చూశాడు.

"ఇంత ఎడల్పు ఎందుకు తవ్వినవు మల్లయ్యా," అన్నాడు. "నా బిడ్డ సక్కగనే ఉన్నది గద."